ఎంగిలి లేని ఇల్లు

జగ్గయ్యపేటలో ఉమాకాంతం మాస్టారి ఇంట్లో గ్లాసు పెదవికి తగిలించి తాగడం అనేది లేదు. పెద్దవాళ్ళే కాదు, పలక పట్టిన పిల్లలు కూడా తల వెనక్కి వంచి నోట్లోకి ఎత్తి పోసుకోవాల్సిందే. గౌను తడిసినా పర్వాలేదు గాని అంచు పెదవికి తగలకూడదు. తగిలిందా, ఆ గ్లాసును చింతపండుతో తోమి, వేన్నీళ్ళు పోసి, పెరట్లో ఎండకు బోర్లించాలి. అంత శుద్ధంగా ఉండే ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల టీబీతో చచ్చిపోయింది.

ఆ ఇంట్లో ఎవరూ ఈ మాట ఇలా అనరు. మెదడువాపు అంటారు, ఆయుష్షు లేదంటారు. పిల్లను కన్న వైదేహి మాత్రం చాలాకాలం ఏమీ అనలేదు. మాట్లాడే అలవాటు ఆమెకు మొదటినుంచీ తక్కువ.

వైదేహి పుట్టింది కీసరలో. తండ్రి కంచికచర్లలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. పదో తరగతిలో లెక్కలు పోయాయి, మళ్ళీ కట్టనివ్వలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన ఉమాకాంతంగారు, “లెక్కల మాస్టారి కోడలికి లెక్కలు రావన్నమాట” అని నవ్వారు. గదిలో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఆమె ఎవరేం చెప్తే అది చేసింది. మామగారు హెడ్మాస్టరుగా రిటైరై ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేవారు. భర్త వేదవ్యాస్‌కు ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే బండి మీద పోతే సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని వస్తాడు. ఇంటి పెత్తనమంతా అత్తగారు చూడామణమ్మది.

మాస్టారికి దగ్గు పట్టుకున్నది ఒక వానాకాలంలో. మామూలు దగ్గు కాదు, పొట్ట పట్టుకుని వంగిపోయే దగ్గు. చూడామణమ్మ ముందు చేసిన పని ముందుగది కిటికీలు మూయించడం. రోడ్డు మీద పోయేవాళ్ళకు దగ్గు వినపడితే ట్యూషన్‌కు పిల్లలు రారని భయం. ఏసీ ఉన్నది కూడా ఆ గదిలోనే గనక కిటికీలు మూసినందుకు ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం పూట ఆ గదిలోనే పిల్లలు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని లెక్కలు చేసేవాళ్ళు. రాత్రిపూట ఆ గదిలోనే మనవరాలు మైథిలి తాతయ్య పక్కన పడుకుని ఎక్కాలు అప్పజెప్పేది.

అప్పుడే ఆయనకు కంచం వేరు చేసారు, గ్లాసు వేరు చేసారు. ఆ గ్లాసు మిగతావాటితో కలిపి తోమకూడదు. వైదేహికి ఒకసారి సందేహం వచ్చి అడిగింది.

“అంటుకునే జబ్బా అత్తయ్యగారూ?”

“ఆస్తమా ఎవరికైనా అంటుకుంటుందా అమ్మాయ్? పెద్దాయన, నోట్లో కఫం ఆడుతోంది. ఎంగిలి పిల్లకి తగలకూడదని, అంతే.”

అంతే అనుకుంది వైదేహి. గ్లాసు తోమింది, కంచం తోమింది, వేన్నీళ్ళు పోసింది. ఆ గదిలో గాలిని మాత్రం ఎవరూ తోమలేదు.

ఆ రోజుల్లోనే మాస్టారు నెలకోసారి నందిగామ బస్సెక్కేవారు. రిటైర్డు టీచర్ల మీటింగని చెప్పేవారు. ఆయన పంచెలకు నారింజరంగు మరకలు పడేవి. ఉతకాల్సింది వైదేహి కాబట్టి ఆమే చూసింది, అత్తగారికి చూపించింది. “వేడి చేసింది. బార్లీ కాచి ఇవ్వు” అంది చూడామణమ్మ. వైదేహి రోజూ బార్లీ కాచి, చల్లార్చి, పంచదార వేసి ఇచ్చింది. కొన్నాళ్ళకు దగ్గు తగ్గింది, మరకలూ పోయాయి. బార్లీ బాగా పనిచేసిందని చూడామణమ్మ వీధంతా చెప్పుకుంది. చలికాలం వచ్చేసరికి దగ్గు మళ్ళీ మొదలైంది. ఈసారి మరకలు లేవు.

మైథిలికి జ్వరం వచ్చింది ఆ చలికాలం చివర. మొదట వైరల్ అన్నారు. తరవాత తలనొప్పి, వాంతులు, పగలంతా మగత. స్కూల్లో గెంతే పిల్ల పిలిస్తే కళ్ళు కూడా తెరవలేదు. విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపి, బయటికొచ్చి అడిగింది. “ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? ఇప్పుడు కాకపోయినా ఈ మధ్య మందులు వాడారా? ఉందంటే రిజల్టు కోసం చూడకుండా మందు మొదలుపెడతా.”

“లేదండి” అన్నాడు వేదవ్యాస్. అతనికి నిజంగా తెలియదు.

పక్కనే ఉన్న ఉమాకాంతంగారు భుజం మీది కండువా సర్దుకుంటూ, “మా ఇంట్లో అలాంటివి రావమ్మా. మేము ఎత్తి పోసుకుని తాగేవాళ్ళం” అన్నారు.

డాక్టరమ్మ ఆయన ముఖం వంక ఒకసారి చూసి లోపలికి పోయింది. రిజల్టు వచ్చి మందు మొదలుపెట్టేసరికి పిల్ల ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆ వారంలోనే పోయింది.

కర్మలు అయ్యాక ఒక పొద్దున సతీష్‌బాబు వచ్చాడు. ప్రభుత్వాసుపత్రిలో టీబీ పని చూసే మనిషి. చెప్పులు గేటు బయటే విడిచి, అరుగు మీద నిలబడ్డాడు.

“విజయవాడ నుంచి మాకు కబురొచ్చిందండి. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మిగతావాళ్ళందర్నీ చూడాలి. చిన్నపిల్లలకి ఇది ఎక్కడో పెద్దవాళ్ళ దగ్గర్నుంచే వస్తుందండి. ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?”

లోపల మాస్టారు దగ్గారు.

“అది ఆస్తమా” అంది చూడామణమ్మ.

మాస్టారే బయటికి వచ్చారు. సతీష్‌బాబు గబుక్కున చేతులు జోడించాడు. “నమస్కారం మాస్టారూ. నేను మీ స్టూడెంట్నే.”

“ఏ బ్యాచ్?”

“తొంభై తొమ్మిది అండి.”

“లెక్కల్లో ఎన్నొచ్చాయి?”

సతీష్‌బాబు తల గోక్కున్నాడు. “మీరే పాస్ చేయించారండి.”

“అయితే చెప్పు, ఏం కావాలి?”

అతను సంచిలోంచి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసాడు. అది చూడగానే మాస్టారి మొహం మారిపోయింది. “నన్ను అందులో ఉమ్మెయ్యమంటావా? నా గడపలో నిలబడి?”

“ఎక్స్‌రే అయినా…”

“ఇంకోసారి చూద్దాంలే. వెళ్ళు.”

వెళ్ళాడు. మనిషి మంచివాడే, పని తెలిసినవాడే. కాని తనకు చదువు చెప్పిన మాస్టారి నోటి ముందు డబ్బా పెట్టలేకపోయాడు. వెనక్కి తిరుగుతుంటే చూడామణమ్మ పిలిచింది.

“ట్యూషన్‌కి ఎవరెవరి పిల్లలో వస్తారు బాబూ, వాళ్ళ ఇళ్ళలో చూడు ముందు. ఆ ఆటో జయరాజ్ కూతురుందే, జాయిస్, దాని మెడ కింద బిళ్ళ కట్టింది. మా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. దాని దగ్గర్నుంచే వచ్చుంటుంది.”

బిళ్ళ కట్టిన పిల్లను చూడకుండా వదలడం సతీష్‌బాబు ఉద్యోగానికి తప్పు. వెళ్ళి చూసాడు. పెనుగంచిప్రోలు రోడ్డు వైపు ఆటోలవాళ్ళు ఉండే వీధిలో, పగటిపూట, అందరూ చూస్తుండగా జాయిస్‌ను ఆసుపత్రికి రమ్మన్నాడు. బిళ్ళలోకి సూది గుచ్చి తీసిన దాంట్లో టీబీ ఉందని తేలింది. ఉచితంగా మందులు మొదలుపెట్టారు. ఆ పిల్లకు అదృష్టమే. కాని మాస్టారి మనవరాలు ఆటోవాళ్ళ పిల్ల వల్ల పోయిందని కబురు సాయంత్రానికల్లా మెయిన్ బజారు దాటింది. చూడామణమ్మ జాయిస్‌ను ట్యూషన్‌కు రావద్దని చెప్పి పంపింది. ఆ పిల్ల కూర్చునే చాప పట్టుకెళ్ళి దొడ్లో తగలబెట్టింది.

వైదేహి ఆ పొగను వంటింట్లోంచి చూసింది. నిజం చెప్పాలంటే అప్పుడు ఆమెకు జాయిస్ మీద కోపం వచ్చింది. ఏడో తరగతి పిల్ల మీద, రెండు జడలేసుకుని ‘ఆంటీ, మైథిలికి పూలు తెచ్చా’ అంటూ వచ్చే పిల్ల మీద కోపం వచ్చింది.

కూరగాయల మార్కెట్లో జాయిస్ నాయనమ్మ సుబ్బమ్మ ఎదురుపడింది. వైదేహి చూపు తిప్పుకుని పోబోతే దారికి అడ్డంగా నిలబడింది.

“నన్ను చూసి పోతున్నావేందమ్మా? నీకు అంటిస్తానా?”

“అది కాదు…”

“ఏది కాదు? మా పిల్ల అన్నం ముట్టట్లేదు. బడికి పోనంటంది. మైథిలి నా వల్ల చచ్చిపోయిందా నాయనమ్మా అని అడుగుతంది. రోజూ అదే మాట. దానికేం చెప్పమంటావో నువ్వే చెప్పు, తల్లివి కదా.”

 వైదేహి కొన్న వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

తరవాతి వారం ఆమె ఒక్కతే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. వేదవ్యాస్‌కు సెలవు దొరకలేదు, అత్తమామలు రామన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా పిల్లతో కలిసి తిరిగిన మనిషి కాబట్టి జబ్బు రాకుండా వారానికోసారి వేసుకోమని సతీష్‌బాబు మాత్రలిచ్చాడు. ఎలా వేసుకోవాలో చెప్తూ ఆఖర్న అన్నాడు.

“ఇది వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తుందండి, నారింజరంగులో. బట్టలకి మరక పడొచ్చు. కంగారుపడి మానెయ్యొద్దు.”

వైదేహి లేచి నిలబడిందల్లా మళ్ళీ కూర్చుంది.

“టీబీ ఉన్నవాళ్ళు వేసుకునే మందుకి కూడా అట్లాగే వస్తుందా?”

“అదే జాతి మందండి. వాళ్ళకి రోజూ ఉంటుంది.”

“వేడి చేస్తే రాదా?”

“వేడి చేస్తే ఈ రంగెందుకొస్తుందండి?”

“బార్లీ తాగితే పోతుందా?”

సతీష్‌బాబు అర్థంకాక చూసాడు. వైదేహి నవ్వింది. నవ్వు తనదిలా లేదు. మామగారు తాగిన బార్లీ గ్లాసులన్నీ కళ్ళముందు వరసగా కనపడ్డాయి.

“రెండు మూడు నెలలు వేసుకుని మానేస్తే ఏమవుతుంది?”

“తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఈసారి మందుకి లొంగకపోవచ్చు. దగ్గినప్పుడల్లా గాల్లోకి వస్తుంది. మూసిన గదైతే ఇక చెప్పక్కర్లేదు. ఎవరి సంగతండీ?”

“కంచం, గ్లాసు వేరు పెడితే ఆగుతుందా?”

“ఎంగిలితో రాదండి ఇది. గాలితో వస్తుంది.”

వైదేహి ఇక ఆగలేదు.  “మీరు అందరి లెక్కలూ రాస్తారు. దేశంలో ఎంతమందికుందో, ఏ ఊళ్ళో ఎంతమందికుందో గోడల మీద బొమ్మలేస్తారు. మా ఇంట్లో దగ్గే మనిషి లెక్క మీకెందుకు లేదు? నా పిల్ల పోయాక వచ్చారే, ముందెందుకు రాలేదు?”

“ప్రైవేటులో మందు మొదలుపెడితే ఆ డాక్టరు మాకు చెప్పాలండి. చెప్పకపోతే మాకా ఇల్లే లేదు. మీ ఇంటికి అప్పుడే వచ్చుంటే పాపకీ ఇదిగో ఈ మాత్రలే ఇచ్చేవాణ్ణి.”

“మొన్న వచ్చారుగా. డబ్బా సంచిలో పెట్టుకుని పోయారుగా.”



ఆమె ఇంటికి పోలేదు, నందిగామ బస్సెక్కింది. ఆస్తమాకు నందిగామ డాక్టరే దేవుడని మామగారు పదిమందికి చెప్పగా విన్నది గనక ఆసుపత్రి వెతుక్కోనక్కర్లేదు. గాంధీ బొమ్మ వెనక సందులో, కింద మందుల షాపు, పైన ఆసుపత్రి. టోకెన్ తీసుకుని కూర్చుంది. వంతు వచ్చాక లోపలికి వెళ్ళి మామగారి పేరు చెప్పింది.

“ఓ, హెడ్మాస్టరుగారి కోడలా. ఎలా ఉన్నారు? మధ్యలో రావడం మానేసారు.”

“ఆయనకి టీబీ అని మీకు తెలుసు కదండీ.”

డాక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “నేను బ్రాంకైటిస్ అనే రాసానమ్మా. మీకేం ఇబ్బంది రాదు.”

“పైకి చెప్పాలట కదండీ. ప్రభుత్వాసుపత్రివాళ్ళకి.”

“రూలుందమ్మా. పెద్దమనిషి, చేతులు పట్టుకున్నారు. ఇంటికొచ్చి ఎంక్వయిరీ చేస్తే పరువు పోతుందన్నారు. మీ మంచికే కదా.”

“మా ఇంట్లో పిల్ల ఉందని అడిగారా?”

“అంటే…”

“ఎనిమిదేళ్ళ పిల్ల, ఆయన పక్కనే పడుకునేది. అడిగారా, లేదా?”

డాక్టరు బెల్లు నొక్కాడు. తరవాతి పేషెంటు లోపలికి వచ్చేసాడు. వైదేహి కుర్చీలోంచి కదల్లేదు. ఆ వచ్చినతను కూర్చోడానికి చోటు లేక అటూ ఇటూ చూస్తుంటే అతనితోనే అంది. “మీకు ఇంట్లో పిల్లలుంటే ఈయన రాసింది నమ్మకండి.” ఆ తరవాతే లేచింది.

ఇంట్లో ఆమె అరవలేదు. వేదవ్యాస్ వచ్చేదాకా ఆగి, ముగ్గురూ ఉన్నప్పుడు అడిగింది. చూడామణమ్మ మొదట కాదంది, తరవాత ఏడ్చింది. మాస్టారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని క్లాసులో చెప్పినట్టు చెప్పారు.

“వేసుకున్నా. రెండు నెలలు సక్రమంగా వేసుకున్నా. ఆ గొట్టం మాత్రల తొడుగులు గొడ్డు ఎముకల్తో చేస్తారని మా ఫ్రెండొకడు చెప్పాడు. అది తెలిసాక ఎలా మింగను? అప్పటికి దగ్గు తగ్గింది కూడా.”

వైదేహి ఆయన వంక చూసింది. ఎముకలంటే అంత పట్టింపున్న మనిషి. ముక్త్యాల దగ్గర కృష్ణలో మైథిలి ఎముకలు కలుపుతుంటే కొడుకు పక్కన మంత్రం తప్పు పోకుండా సరిచేసింది ఈయనే.

“మామయ్యగారూ, డాక్టరమ్మ అడిగినప్పుడు ఒక్క మాట చెప్పుంటే పిల్ల బతికేదేమో.”

“అది నిశ్చయంగా చెప్పలేం.”

“చెప్పలేం. మీరు చెప్పలేదు కాబట్టి ఇంకెప్పటికీ చెప్పలేం.”

వేదవ్యాస్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. “ఇప్పుడు నలుగురికీ తెలిస్తే మాత్రం మైథిలి వస్తుందా వైదేహీ?” అన్నాడు.

“జాయిస్ ఉంది” అంది ఆమె. “ఇంకా ఆ గదిలో కూర్చునే పిల్లలున్నారు. మీ నాన్నగారు ఇవాళ కూడా ట్యూషన్ చెప్పారు.”

మర్నాడు పొద్దున్నే జయరాజ్ ఇంటికి వెళ్ళింది. అతను ఆటో తుడుస్తున్నాడు. సుబ్బమ్మ గడపలో కూర్చుని ఉంది, లేవలేదు, రమ్మనలేదు. జాయిస్ తలుపు వెనక్కి పోయింది. వైదేహి వాకిట్లోంచే చెప్పింది.

“జాయిస్, మైథిలి నీ వల్ల పోలేదమ్మా. మా మామయ్యగారికి జబ్బుంది. దాచిపెట్టారు. మైథిలికి ఆయన దగ్గర్నుంచి వచ్చింది. నీకూ ఆ గదిలోనే వచ్చుంటుంది. నీ దగ్గర్నుంచి ఎవరికీ పోలేదు.”

పిల్ల తలుపు వెనకనుంచి రాలేదు. లోపల ఏడుస్తున్న చప్పుడు మాత్రం వినపడింది. జయరాజ్ చేతిలో గుడ్డను ఆటో మీదికి విసిరికొట్టాడు.

“ఈ మాట ఇక్కడ చెప్తే ఏం లాభమమ్మగారూ? మా వీధిలో మా పిల్ల సంగతి మాకు తెల్సు. స్టాండులో నా బండి ఎక్కట్లేదు జనం. దాని పేరు పాడైంది మీ వీధిలో. అక్కడ చెప్పండి, చూద్దాం.”

“చెప్తా” అంది వైదేహి.

“చెప్పవులే” అంది సుబ్బమ్మ. “మీ ఇళ్ళలో మాటలు గేటు దాటవు.”

ఆ సాయంత్రం ట్యూషన్ వదిలే వేళకు గేటు ముందు స్కూటీలు, బైకులు ఆగి ఉన్నాయి. తల్లులు, తండ్రులు, అందరూ తెలిసినవాళ్ళే. సగంమంది మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు. వైదేహి ఆ ఇంటికి వచ్చాక వాళ్ళతో బాగున్నారా అనడం తప్ప మరోమాట ఎరగదు. మెట్ల మీదికి వచ్చి నిలబడింది. స్తంభం పట్టుకుంది.

“మా మామయ్యగారికి టీబీ ఉంది. మందు మధ్యలో మానేసారు. నా పిల్ల ఆ జబ్బుతోనే పోయింది. జాయిస్ వల్ల కాదు. ఆ మాట మా ఇంట్లోంచి పుట్టింది, అది అబద్ధం. మీ పిల్లలందర్నీ రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందులున్నాయి, డబ్బులడగరు.”

ఎవరూ కదల్లేదు. చూడామణమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. “దీనికి మతి చలించిందండీ, పిల్ల పోయిన దిగులు. దీని మాట పట్టించుకోకండి.”

“పట్టించుకోవద్దంటే సరే” అంది వైదేహి. “మామయ్యగారు అబద్ధమని చెప్పి, రేపు ఆ డబ్బాలో ఉమ్మేసి ఇమ్మనండి. అబద్ధమని తేలితే నేను కీసర పోతా.”

మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. వెనక పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. హెల్మెట్ చేత్తో పట్టుకున్న ఒక తండ్రి అడిగాడు, “మాస్టారూ, నిజమేనాండీ?”

తన దగ్గర పదోతరగతి పాసైన మనిషి అడిగిన ప్రశ్నకు ఉమాకాంతంగారు జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు కదిలారు అందరూ. ఒకామె తన కొడుకు రెక్క పట్టుకుని లాక్కుపోతూ వైదేహిని తిట్టింది. ముందే చెప్పి ఏడవచ్చుగా అంది. ఇంకొకాయన, ఎంతైనా మామగారి పరువు ఇలా రోడ్డుకీడుస్తావా అన్నాడు. వైదేహి రెండు మాటలూ విన్నది.  తను చెప్పాల్సిన మాట అయిపోయింది.

సతీష్‌బాబు ఈసారి చెప్పులు విడవకుండానే అరుగెక్కాడు. డబ్బా మాస్టారి చేతిలో పెట్టి, నింపేదాకా అక్కడే నిలబడ్డాడు. టీబీ ఉందని తేలింది. మందుకు లొంగే రకమేనని తరవాత పరీక్షలో వచ్చింది. ట్యూషన్ పిల్లల్లో చాలామందికి ఏమీ లేదు. కొందరికి ముందుజాగ్రత్త మాత్రలిచ్చారు. జాయిస్ మెడ మీది బిళ్ళ కరగడం మొదలైంది. బడికి పోతోంది. జయరాజ్ మాత్రం ఆ వీధిలోకి ఆటో తేవడం మానేసాడు. ఎవరు పిలిచినా రానంటాడు.

మాస్టారికి మందులిచ్చే రోజు సతీష్‌బాబు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టాడు. రోజూ కళ్ళముందు మింగించే మనిషి ఒకరు కావాలన్నాడు. ఆ పూచీ ఎవరిదో రాసుకోవాలన్నాడు.

“నా చేత్తో నేనిస్తా” అంది చూడామణమ్మ.

“మీ కళ్ళముందే మానేసారు అత్తయ్యగారూ. నా పేరు రాయండి” అంది వైదేహి.

“నువ్వెందుకమ్మాయ్ ఇంక” అన్నారు మాస్టారు. ఆయన గొంతులో మొదటిసారి బతిమాలడం వినపడింది. “నేనేం చిన్నపిల్లాణ్ణా?”

“కాదు. చిన్నపిల్లయితే చెప్పినమాట వినేది.”

అప్పట్నుంచి రోజూ పొద్దున, ఆయన పూజకు కూర్చోకముందు, వైదేహి మాత్రలతో వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఇన్నేళ్ళలో ఆయన ముఖంలోకి సూటిగా చూసి ఎరగని కోడలు ఇప్పుడు చూపు తిప్పదు. ఆయన మింగుతారు. ఆమె నోరు తెరవమంటుంది. నాలిక ఎత్తమంటుంది. బుగ్గ వెనక ఏమీ లేదని చూసుకున్నాకే కదులుతుంది. ఏకాదశి అన్నా వినదు, ఒంట్లో బాలేదన్నా వినదు. కడుపులో తిప్పుతోందంటే సతీష్‌బాబుకు ఫోన్ చేసి, ఏం చెయ్యాలో కనుక్కుని, అది చేసి, మళ్ళీ మాత్రలతో వస్తుంది. చూడామణమ్మ ఇది చూడలేక ఆ వేళకు దొడ్లోకి పోతుంది.

ఒకరోజు మింగాక ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

“ఎన్నాళ్ళిలా కాపలా కాస్తావమ్మా?”

“కోర్సు అయ్యేదాకా.”

“నా మీద ఇంత శ్రద్ధ…”

“మీ మీద కాదు మామయ్యగారూ. మీరు బయటికెళ్తే ఎదురొచ్చే పిల్లల మీద.”

 “కోర్సయ్యాక?” అన్నారు ఆయన.

“అయ్యాక మీతో మాట్లాడాల్సిన పని నాకుండదు” అంది వైదేహి. “నోరు తెరవండి. ఇంకా చూళ్ళేదు.”